బెళుగుప్ప దారిలో మెలితిప్పిన చెయ్యి

మంగళవారం

ఒళ్లు హూనమైంది. కాంట్రాక్టు మాత్రం దొరికింది. పదేళ్లు ఇంకొకరి దగ్గర బాడీగార్డుగా చేసి, అదే కాపలా పనికి సొంతంగా రెండు కార్లు పెట్టుకున్నాక వచ్చిన మొదటి పెద్ద పని.

గాలిమరల కంపెనీ పెద్దాయన నా పనితనం చూడాలని ఈరోజు నా కారెక్కాడు. బెళుగుప్ప దగ్గర టీకి దిగాం. వెనక నుంచి ఒక చెయ్యి మా ఇద్దరి మధ్యకు వచ్చింది. పట్టుకుని మెలితిప్పేశాను. ఉడికించిన చెనక్కాయలు రోడ్డు మీద పడ్డాయి. చూస్తే, నాయన.

తప్పు నాదే. ఈ దారిన వస్తున్నామని పొద్దున ఫోన్‌లో నాయనకు చెప్పింది నేనే. ఏ దారిన పోతామో ఇంట్లో కూడా చెప్పొద్దని డ్రైవర్లకు రోజూ పాఠం చెప్పేదీ నేనే.

"ఎవరతను?" అన్నాడు పెద్దాయన.

మా నాయనని చెబితే, దారి బయటపెట్టింది నేనని తెలిసిపోతుంది.

"తెలీదు సార్."

నాయన నన్నొకసారి చూసి, ఆయనకు దండం పెట్టాడు. "తప్పైపాయ సార్. మా కొడుకనుకొని వచ్చినా."

ఇందాక నాయనకు ఫోన్ చేశాను.

"పని కుదిరినాదా అప్పా?"

"కుదిరింది నాయనా."

"అంతే చాలు."

వెనక నుంచి అమ్మ అడుగుతోంది. "చెయ్యి అంత వాచిండాది, యాడ పడినావో చెప్పవేమి?"

నాయన ఫోన్ పెట్టేశాడు.