పావని గొంతున్న ముక్క

ఉదయభాస్కర్ గారికి,

ఆత్రేయపురం నుంచి పావని వాళ్లమ్మనండి. ఐదో క్లాసుతో ఆపేసిన చదువు, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మా అమ్మాయి బండి జారి కాలవలో పడి చనిపోయిందని ఊరందరికీ తెలుసు. మీరేమో మీ యూట్యూబ్ ఛానల్లో "పావనిని చంపిందెవరు?" అని పెట్టారు. జనం రెండు జట్లయిపోయి తిట్టుకుంటున్నారు. మా పిల్లతో కలిసి చదువుకున్న వినయ్‌ని అందరూ అనుమానిస్తుంటే, పాపం, గుమ్మం దాటి బయటికి రావట్లేదు. మా తోడికోడలు అచ్చాయమ్మయితే "ఆ ఛానల్ మీద కేసు పెట్టవే, నీకు నోరు లేదా?" అని నన్నే కేకలేస్తోంది.

నేను రాసేది అందుక్కాదండి. నేను కుండ మీద పూతరేకులు తీస్తుంటే పావని ఫోన్లో తీసిన ముక్క మీ వీడియోలో ఉంది. "అమ్మా, చెయ్యి కాలుద్దే, కాస్త ఇటు చూసి నవ్వవే" అంటుంది. దాని ఫోను నీళ్లల్లోనే పోయింది. మీకు పంపిన దాని స్నేహితురాలు ఇంద్రజ దగ్గర కూడా ఇప్పుడది లేదంట. మీరు మ్యూజిక్కు వేసి, మీ మాటలు కలిపేసరికి పిల్ల గొంతు సగమే వినపడుతోంది.

అవన్నీ తీసేసి ఆ ముక్కొక్కటి పంపండి బాబూ. మా మరిది నంబరు కాగితం వెనక రాశాను.

ఎంతమంది చూస్తే మీకంత పేరొస్తుందంట కదా. పొద్దున్నే పిండి కలిపే ముందోసారి, పొయ్యి ఆర్పాక ఓసారి నేనూ చూస్తున్నానండి. నా బిడ్డ మీద అబద్ధాన్ని నేనే రోజూ పెంచుతున్నానని తెలుసు. చూడకుండా ఉండలేకపోతున్నాను.

ఇట్లు,
పావని అమ్మ