కెజియా సాలుకు బదులు మనిషి

దానియేలు గారికి,

మీ అమ్మాయి కెజియాకు ఇంగ్లీషు చెప్పే టీచరు నమస్కరించి రాస్తున్నది.

బడిలో ఆడపిల్లల బాత్‌రూముకు తాళం ఎందుకేశారని కెజియా తనిఖీకి వచ్చిన ఆఫీసరుగారినే అడిగింది. నేను నవ్వి తనను ‘సాసీ’ అన్నాను. మర్నాడే తాళం తీశారు. కానీ ఆ మాట బూతని మీకెవరో చెప్పారట, మీరు పిల్లను బడి మాన్పించి మిరప కోతకు తీసుకెళుతున్నారు.

అది బూతు కాదండీ. పెద్దలకు జంకకుండా మాట్లాడే పిల్లను విసుగ్గానో ముద్దుగానో అలా అంటారు. నేను ముద్దుగానే అన్నాను. నంజుకునే సాస్ నుంచి పుట్టిన మాట అది, నాలుక్కి చురుక్కుమనేదని. మీరు కోసిన కాయ ఘాటుగా ఉందని మిర్చి యార్డులో ఎవరైనా అంటే అది తిట్టవుతుందా?

నిన్న మీ ఇంటికొస్తే, “పిల్ల బడికొస్తే దాని సాలు ఎవరు కోస్తారండీ, కూలీల మేస్త్రి ఊరుకోడు” అన్నారు. రాలేనివాళ్ళు బదులు మనిషిని పంపితే మీ మేస్త్రి ఒప్పుకుంటాడని విన్నాను. సోమవారం నుంచి సెలవు పెట్టాను. పొద్దున్నే చేనుకు వస్తాను, తన సాలు నేను కోస్తాను. కెజియాను బడికి పంపండి.

నా క్లాసు ఎవరు చూస్తారంటారేమో. కెజియా చూస్తుంది. ఆ నోరు చాలు.