దేవుడి ఎడమ భుజం

ప్రియమైన లిఫ్టు మెకానిక్ గారికి,

మీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. అంత పెద్ద నగరంలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజున ఊరంతా తిరిగి పెళ్లానికి రాసేది ఇదా? ‘గుడికి వెనక గేటు ఉంది. గచ్చు నున్నగా ఉంది.’ దేవుడెలా ఉన్నాడండీ? పార్కు గురించి రెండు పేజీలు రాశారు, ఒక్క పువ్వు లేదు, అన్నీ బెంచీలే! కాలు విరిగిన నాటి నుంచి గడప దాటని దాన్ని, మీ కళ్లతోనైనా చూద్దామంటే ఇదీ వరస.

అన్నట్టు, నా పాత చేతికర్ర మాయమైంది. కొత్తది పొట్టి. పక్కింటి పిన్ని మీదే నా అనుమానం. ఆవిడతో మాటలు మానేశాను.

మీ టైలరమ్మ

ప్రియమైన టైలరమ్మా,

కోప్పడకు, ఈసారి బాగా రాస్తాను. పాత బజారు వీధిలో ఎడమ పక్క నడవకూడదు, రాళ్లు లేచిపోయాయి. కుడి పక్క మందుల షాపు ముందు కుర్చీ ఉంటుంది, కూర్చుంటే ఏమీ అనరు. నది ఒడ్డు గుడికి మెట్లు నిటారుగా ఉన్నాయి, ఎక్కలేదు. పక్కన వాలు దారి ఉంది. అక్కణ్ణుంచి దేవుడి ఎడమ భుజం చక్కగా కనిపిస్తుంది.

నీ మెకానిక్

ప్రియమైన మీకు,

భుజమా! గుడికెళ్లి భుజం చూసొచ్చే మనిషిని మిమ్మల్నే చూశాను. రోజంతా లిఫ్టు గోతుల్లో ఎక్కి దిగే మీరు మెట్లు చూసి జంకడమేమిటి? కుర్చీలు వెతుక్కోవడమేమిటి? ఒంట్లో ఏదో దాస్తున్నారు. నాకు భయంగా ఉంది. నిజం రాయండి.

మీ టైలరమ్మ

ప్రియమైన టైలరమ్మా,

నా ఒళ్లు రాయిలా ఉంది. నీ కర్ర నా దగ్గరే ఉంది, పోయినసారి ఇంటికొచ్చినప్పుడు నేనే తెచ్చేశాను. దాన్ని పట్టుకుని, నువ్వు నడిచినట్టే నడిచి చూస్తున్నాను. రమ్మన్నప్పుడల్లా ‘కుంటిదాన్ని, ఆ ఊళ్లో ఎలా తిరగను’ అని ఏడుస్తావు కదా. నువ్వు లేక ఈ గది గదిలా లేదు. వస్తావా?

నీ మెకానిక్

ప్రియమైన మొద్దుగారికి,

ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాసి ఏడవొచ్చుగా! పిన్నిని దొంగని చేశాను. ఆవిడ మా గుమ్మం తొక్కడం ఎప్పుడో మానేసింది. ఇక తప్పక, పొట్టి కర్ర పట్టుకుని, మిమ్మల్ని తిట్టుకుంటూ నేనే గడప దాటి వెళ్లి క్షమించమన్నాను. ఆవిడ నా కాళ్ల వైపే చూస్తూ, “నడిచొచ్చావుటే?” అంది. అప్పటిదాకా నాకే తెలియలేదు.

వచ్చే వారం రైలెక్కిస్తానంది పిన్ని. కర్ర తుడిచి ఉంచండి. ఆ వాలు దారిన మాత్రం నేను రాను. మెట్లే ఎక్కుతాను. సగంలో ఆగిపోతే అక్కడే కూర్చుని మిమ్మల్ని తిడతాను. భుజం మీరు చూశారుగా, ముఖం నేను చూస్తాను.

మీ టైలరమ్మ