మూల మంచం

తమ్ముడూ,

నా ఒంట్లో ఎలా ఉందని రాశావు. ఈ ఆసుపత్రిలో ఆ సంగతి నన్నెవరూ అడగరు. "మూల మంచం తిన్నదా? మూల మంచానికి మాత్ర వేశావా?" అని నర్సమ్మలు ఒకరినొకరు అడుగుతారు.

చెడ్డవాళ్ళు కారురా. నాకు తల దువ్వే నర్సమ్మ చెయ్యి ఎంత మెత్తనో! దువ్వుతూనే, "మూల మంచానికి చిక్కులెక్కువ" అని పక్కావిడతో చెప్పి నవ్వుతుంది.

మొదట్లో ఒళ్ళు మండేది. మొన్న నేనే, "పక్క మంచం ఏడుస్తోందమ్మా, కాస్త చూడండి" అన్నాను. అన్నాక నన్ను చూసి నాకే భయమేసింది.

నిన్న సాయంత్రం గుమ్మంలోంచి ఎవరో "అక్కా!" అని పిలిచారు. నువ్వేననుకుని దిగ్గున లేచి కూర్చున్నాను. చూద్దును కదా, వార్డులో ఆడవాళ్ళందరూ లేచి కూర్చున్నారు! ఆ అబ్బాయి వార్డు పొరబడి వచ్చాడట, వెళ్ళిపోయాడు. చాలాసేపటిదాకా ఎవరమూ నడుం వాల్చలేదు.

పళ్ళూ గిళ్ళూ మోసుకురాకు. చిన్నప్పుడు ఆకలేస్తే వీధి చివరినుంచే కేక పెట్టేవాడివి చూడు, అలా గుమ్మంలో నిలబడి పిలువు. నర్సమ్మ కసిరితే కసరనీ. నాకంటే ముందు ఎవరు పలికినా కాదనకు. కాసేపు వాళ్ళ దగ్గర కూర్చుని, తర్వాత నా దగ్గరికి రా.

నీ అక్క