సాఫు ప్రతిలో నేను వదిలేసిన వాక్యం

అన్నా,

నువ్వు దేవుని దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. నిన్న మధ్యాహ్నం రేడియోలో మన వరంగల్ రచయితలు కథలు చదివి, వాటి గురించి మాట్లాడుకున్నారు. నువ్వు లేవు కనుక నీ కథను నీ స్నేహితుడు రాజయ్య సారు చదివారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కథ.

పక్కింటి ఎల్లమ్మ కూడా వచ్చి నాతో కూర్చుని విన్నది. చదవడం అయ్యాక ఒకాయన, "ఇంత దుఃఖంలోనూ ఆ తల్లి దేవుణ్ణి ఒక్క మాట అనదు. ఆ మౌనమే ఈ కథకు ప్రాణం" అన్నారు.

"మీ అన్నను గంత మెచ్చుకుంటాండ్రు, నువ్వేందక్కా తల కిందికేసినవ్?" అంది ఎల్లమ్మ.

ఆ మౌనం నేను చేసిన పని, అన్నా. నీ చేతిరాత ఎవరికీ అర్థం కాదని నీ కథలన్నిటికీ సాఫు ప్రతి రాసింది నేనే కదా. "నీకు కండ్లు లేవా, దేవుడా" అని నువ్వు ఆ తల్లితో అనిపించావు. అది రాయడానికి నాకు చెయ్యి రాలేదు, వదిలేశాను. అచ్చయ్యాక నువ్వు చదివావు. మరునాడు ఇంకో చిత్తుప్రతి తెచ్చి నా ముందు పెట్టావు. గమనించావో లేదో నేను అడగలేదు.

దవాఖానలో నీ ముఖం మీద దుప్పటి కప్పినప్పుడు నా నోట వచ్చింది ఆ మాటే.

రాజయ్య సారు నీ కథలను పుస్తకంగా వేస్తామంటున్నారు. ఈ ఉదయం ప్రార్థన చేసుకుని ఆ కథను మళ్లీ రాశాను, ఆ వాక్యంతో సహా. సిరా ఆరాక, నీకు చూపిద్దామని కాగితాలు పట్టుకుని నీ గది దాకా వెళ్లాను.