ఒక ఈలకు ఆగాలి

అత్తయ్యగారికి నమస్కారాలు. ముందే చెప్తున్నాను, ఇద్దరం క్షేమం. మిగతాది కూర్చుని చదవండి.

సముద్రం ఒడ్డున ఈ అడవిలో టెంటు వేసుకుని మూడు రోజులైంది. పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, చెయ్యి చాస్తే వేళ్ళు కనిపించవు. నిన్నటిదాకా అలల చప్పుడే తప్ప సముద్రాన్ని చూడనే లేదు. అయినా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నిన్న మీ అబ్బాయిని వెనక వదిలేసి కొండ దారిన గబగబా నడుస్తున్నాను. వెనక నుంచి ఈల వినిపించింది, ఒక్కటే. ఒక ఈలకు ఆగాలి, రెండింటికి కదలాలి. పన్నెండేళ్ళుగా బస్సు కండక్టరు పెళ్ళాన్ని కదా, కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఇంతలో మంచు కాస్త విడింది. ఇంకొక్క అడుగు వేస్తే కింద నేల లేదు. ఎక్కడో కింద, మొదటిసారిగా, సముద్రం. భయపడాల్సింది పోయి చప్పట్లు కొట్టాను.

"అంచు మీకెలా కనిపించిందండీ?" అని అడిగాను.

"అంచేమిటి? చెప్పు తెగింది, ఆగుతావని ఈలేశాను" అన్నారు.

సెలవులో కూడా ఆ ఈల ఎందుకురా అని బయల్దేరేటప్పుడు మీరు తిట్టారు, నేను వంత పాడాను. నా మాట వెనక్కి తీసుకున్నాను. మీరూ తీసుకోండి.

గ్యాసు బండ వచ్చిందా? డాబా మీద దుప్పట్లు మరిచిపోయాను, లోపల వేయించండి. మామయ్యగారికి బీపీ మాత్ర వేసుకున్నాకే ఈ కార్డు చదివి వినిపించండి.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ బయట మంచు విడుతోంది. రెండు ఈలలు వినిపించాయి.