బానెట్ మీద వేడి

4 జూలై 2025, శుక్రవారం, సాయంత్రం

పదో తరగతి పరీక్షల తరవాత ఇన్ని వాక్యాలు ఒకచోట రాయడం ఇదే మొదలు. మనసులో ఏమున్నా దేవుడికి చెప్పుకోవడం నాకు అలవాటు. ఈ సాయంత్రం ఇంట్లో తిరుచానూరు అమ్మవారి పటం ముందు నిలబడి కూడా చెప్పలేకపోయాను. కట్టుకున్నవాడిని అనుమానిస్తున్నానని ఆ తల్లితో ఎట్లా అనడం? అందుకే పెన్ను పట్టుకున్నాను.

సంగతి మా అన్న కారుది.

అన్న మద్రాసులో ఒక రేసు కార్ల షెడ్డులో మేస్త్రి. పెళ్లి చేసుకోలేదు. షెడ్డు మూసేసినప్పుడు యజమాని మూలన పడి ఉన్న ఎర్ర కారును తీసుకుపొమ్మన్నాడు. మాజ్డా ఆర్ఎక్స్ సెవెన్, 1987 మోడల్. లైట్లు కళ్లు తెరిచినట్టు బానెట్‌లోంచి పైకి లేస్తాయి. ముందర ఇద్దరే కూర్చోవాలి. ఇట్లాంటిది ఈ జిల్లాలోనే ఇంకొకటి లేదంటారు. అన్న సంపాదన, వయసు అన్నీ దానికే పోశాడు. పోయిన కార్తీకంలో తను పోయేముందు కారు నా పేరున రాయించి, తాళం నా చేతిలో పెట్టి, దీన్ని ఊరికే నిలబెట్టొద్దు వసంతా అన్నాడు. స్టార్టు చేయడం, ఫస్టు గేరు వేయడం, ఆపడం నేర్పాడు. రోడ్డు మీద నడపడం నాకు రాదు. అన్నది అని చెప్పుకోవడానికి నాకు మిగిలింది ఆ కారొక్కటే.

అందుకని ప్రతి శుక్రవారం స్నానం చేసి, దానికి పసుపు కుంకుమ పెట్టి, చామంతి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి స్టార్టు చేస్తాను. ఒక అడుగు ముందుకు పోనిచ్చి నిమ్మకాయలు తొక్కించి ఆపేస్తాను. హారతి ఇచ్చి, షెడ్డుకు తాళం వేసి, తిరుచానూరు గుడికి బస్సెక్కుతాను.

ఈ రోజు గుడి నుంచి వచ్చి ప్రసాదం బొట్టు పెడదామని బానెట్ మీద చెయ్యి వేశాను. వేడి. అన్నం గిన్నె మీద మూతలాగా వేడి. పొద్దున నేను నడిపింది రెండు నిమిషాలు. మధ్యాహ్నం దాటాక ఈ వేడి ఎక్కడిది? దండ ముడి నేను ఎడమవైపు వేశాను. కుడివైపు ఉంది.

షెడ్డుకూ కారుకూ రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

5 జూలై

అడిగాను. రేకుల షెడ్డు గదా, ఎండకు కాలింటాదిలే, గమ్మునుండు అన్నారు.

నిన్న మబ్బు పట్టింది. కొండ బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవరుకు ఎండేదో మబ్బేదో తెలియదా?

7 జూలై

కారులో ఆయిలు తగ్గుతోంది. అన్న నేర్పినట్టు ఆయిలు కొలిచే కడ్డీ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూశాను. నేల మీద ఒక్క చుక్క కూడా కారలేదు. మరి ఎక్కడికి పోయింది?

దయానంద్‌కు ఫోన్ చేశాను. అన్న దగ్గర పని నేర్చుకున్నవాడు, రేణిగుంట రోడ్డులో షెడ్డు ఉంది, అప్పుడప్పుడు వచ్చి కారు చూస్తాడు. ఆ ఇంజను ఆయిలు తాగుతాదక్కా, దాని గుణమే అంత, తాగకపోతేనే మనం భయపడాల అన్నాడు.

ఇంజను ఆయిలు తాగడం నేనెక్కడా వినలేదు. వాడు కూడా ఆయనతో కలిశాడా?

11 జూలై, శుక్రవారం

ఆయన వారం ఆఫ్ ఇన్నేళ్లూ మంగళవారం. ఈ మధ్యే అడిగి మరీ శుక్రవారానికి మార్పించుకున్నారు. నాతో గుడికి వస్తారేమో అని సంతోషపడ్డాను. రమ్మంటే మోకాళ్లు పట్టేసినాయి, నువ్వు పొయ్యిరా అన్నారు.

తిరిగి వచ్చేసరికి పెరట్లో బట్టల సబ్బుతో చేతులు తోముకుంటున్నారు. భుజం మీది తుండు పెట్రోలు వాసన. నన్ను చూడలేదు. ఫోనులో ఎవరితోనో, ఆమెకు తెలియకూడదప్పా, బెంగుళూరాయనతో నువ్వే మాట్లాడు, తొందరగా కానియ్యమను అంటున్నారు.

మా అన్న కర్మలు కాకముందే కారు అమ్ముతారా అని వచ్చినవాడు బెంగుళూరాయనే. నేను అమ్మనన్నాను. కారు చెడిపోతే అప్పుడు అమ్ముతాననుకున్నారా?

14 జూలై

ఆయన డ్యూటీకి పోయాక మా వీధి చివర మెకానిక్ నవీన్‌ను పిలిపించాను. బానెట్ ఎత్తి లోపల టార్చి వేసి చూశాడు. నవ్వాడు. ఓయమ్మా, ఇంత కారుకు ఇదేం ఇంజను పెద్దమ్మా, ఆటోది మాదిరి ఉండాది అన్నాడు. ఇంకా వంగి చూసి నవ్వు మానేశాడు. దీంట్లో పిస్టన్లు పట్టే జాగా కూడా లేదు, అసలుదాన్ని ఎవురో ఎత్తుకొని పోయి ఏదో చిన్నది పెట్టినారు, ఇంట్లోవాళ్లకు తెలియకుండా కాదిది అన్నాడు.

వాడికి టీ ఇచ్చి పంపాను. దేవుడి ముందు కూర్చుని సహస్రనామం మొదలుపెట్టాను. ఎక్కడ ఆపానో తెలియలేదు. మళ్లీ మొదటినుంచి. మళ్లీ తప్పింది.

15 జూలై

అన్నం వడ్డించాను. ఆయన ముఖం చూడలేదు.

18 జూలై, శుక్రవారం

ఈ రోజు పూజ అయ్యాక షెడ్డు తలుపు ముందు పెద్ద ముగ్గు వేసి గుడికి పోయాను. కారు బయటికి వస్తే ముగ్గు చెరగాలి.

వచ్చేసరికి ముగ్గు ఉంది. కానీ నాది కాదు. చుక్కలు ఒకటి లావు ఒకటి సన్నం. గీతలు ఎద్దు మూత్రం పోసినట్టు వంకరలు. పద్మం వేయబోయి మధ్యలో వదిలేసినట్టుంది. మా ఇంట్లో ముగ్గు పట్టుకునేది నేను తప్ప ఇంకొకరు లేరు. పక్కింటి నాగులమ్మ గోడ మీదుగా చూసి, ఏం వసంతా, ఈ పొద్దు సేతులకు వాతమొచ్చిందా అని ఎగతాళి చేసింది.

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. దొంగతనం దాచడానికి ముగ్గు పిండి పట్టుకున్న మగవాడిని చూసి నవ్వు ఎట్లా వస్తుంది?

20 జూలై, ఆదివారం

కాణిపాకం పోదాం అన్నాను. ఎందుకని అడగలేదు. మా వైపు పెళ్లాం మొగుణ్ణి కాణిపాకం రమ్మంటే ఎందుకో అడగక్కర్లేదు. వినాయకుడి ముందు అబద్ధం ప్రమాణం చేసేవాడు ఈ జిల్లాలో లేడు.

స్నానం చేసి తడిబట్టలతో నిలబడ్డారు. నాకు తెలియకుండా మా అన్న కారు మీద చెయ్యి వేయలేదని చెప్పండి చాలు అన్నాను. చేతులు జోడించుకుని చాలాసేపు కదలలేదు. వెనక క్యూలో వాళ్లు, కానీండప్పా, మేము గూడా సెప్పుకోవాల్సినవి ఉండాయి అన్నారు. చివరికి, దాన్ని అమ్మాలని నేనేనాడూ అనుకోలేదు సామీ అన్నారు. నా వైపు తిరిగి, అంతమటుకే సెప్తాను, మిగతాది అడగొద్దు వసంతా అన్నారు.

అంటే చెయ్యి వేశారు.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. ఆయన పాకాల దాకా నిలబడే వచ్చారు.

21 జూలై

షెడ్డుకు కొత్త తాళం వేశాను. చెవి ఒక్కటే. దాన్ని పిన్నీసుతో తాళిబొట్టుకు తగిలించుకున్నాను. ఆయన చూశారు.

25 జూలై, శ్రావణ శుక్రవారం

కారు కాస్త మొరాయించి స్టార్టయింది. నిమ్మకాయలు తొక్కించి ఆపాను. గుడి నుంచి వచ్చి చూస్తే బానెట్ చల్లగా ఉంది. దండ ముడి నేను వేసినచోటే ఉంది. చాలా రోజులకు కడుపునిండా తిన్నాను.

1 ఆగస్టు, శుక్రవారం

ఎంతసేపు తిప్పినా పట్టలేదు. పట్టాక తెల్లటి పొగ. దగ్గినట్టు దగ్గింది. అడుగు కదలగానే అదే ఆగిపోయింది.

ఆయన షెడ్డు బయట నిలబడి ఉన్నారు. ఒక్కసారి నన్ను లోపలికి రానీ వసంతా అన్నారు. ఎందుకు అని అడిగాను. భుజం మీది తుండుతో ముఖం తుడుచుకున్నారు. తాళం వేసుకుని వచ్చేశాను.

8 ఆగస్టు, వరలక్ష్మీ వ్రతం

స్టార్టు కాలేదు. గిర్రుమని తిరుగుతుంది, అంతే. పెట్రోలు వాసనకు కళ్లు మండాయి. తాళం మార్చకముందు వాళ్లు చేసిన చెడుపు ఇప్పుడు బయటపడింది. కలశం ముందు కూర్చున్నానే గాని ఏ వరమూ అడగలేదు. అన్నను రెండోసారి పోగొట్టుకున్నట్టుంది.

9 ఆగస్టు, శనివారం

దయానంద్ షెడ్డుకు పోయాను. గొంతు పెంచడం నాకు రాదు. పెంచకుండానే దొంగ అన్నాను. ఇంజను ఎవరికి అమ్మారో చెప్పమన్నాను. వాడి భార్య జెస్సీ నాకోసం టీ తెస్తూ గడపలోనే ఆగిపోయింది. వాడికి కోపం రాలేదు. నేల చూస్తున్నాడు. జెస్సీయే, సెప్పెయ్ ఇంక, ఎన్నాళ్లు మోస్తావు, ఆ యమ్మ దొంగంటా ఉంటే గూడా మోస్తావా అంది.

అప్పుడు చెప్పాడు. అక్కా, ఆ ఇంజను ఎవురూ మార్చలా, దాని పుట్టుకే అంత చిన్నది, పిస్టన్లు ఉండవు, మూడు మూలల ముక్కలు గుండ్రంగా తిరగతా ఉంటాయి, ఇంత చిన్నది అంత పరుగు ఎత్తుతాదనే మేస్త్రికి దాని మీద పిచ్చి అన్నాడు. మేస్త్రి అంటే మా అన్న. సల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే అది పెట్రోలు శానా మింగుతాది, బాగా కాగేదాకా తిప్పాల, కాగకముందే ఆపితే ఆ పెట్రోలు లోపలే నిలబడి ఆయిలునంతా కడిగేస్తాది, లోపల బిగువు పట్టే సీళ్లు అరిగిపోతాయి అన్నాడు. నువ్వు అడుగు కదిలించి ఆపేస్తావు గదక్కా, వారం వారం అన్నాడు.

అక్కడున్న టైరు మీద కూర్చున్నాను.

నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. సర్చికి పోయేవోణ్ణి, నీ పూజ వద్దని నేనెట్ల సెప్పేది అన్నాడు. మా ఆయన్ని వాడు ప్రసాదన్న అంటాడు. ప్రసాదన్నకు సెప్పినాను, ఆయనే నీకు సెప్పొద్దన్నాడు, ఆ పూజ చేసేటప్పుడు ఆమె వాళ్లన్నతో మాట్లాడతాదప్పా, నేను సూసినాను, దాన్ని మానిపించే పాపం నాకొద్దు, ఆమె గుడికి పోతానే మనం సూసుకుందాం అన్నాడు అని చెప్పాడు.

అందుకే శుక్రవారం ఆఫ్. నేను బస్సెక్కగానే ఇద్దరూ ప్లగ్గులు విప్పి ఆరబెట్టి, చంద్రగిరి దాకా కారు తోలి, బాగా కాగనిచ్చి, తెచ్చిపెట్టి, తీసిన దండ మళ్లీ వేసేవాళ్లట. బెంగుళూరాయన దగ్గర తెప్పించింది కొత్త ప్లగ్గులట. ముగ్గు మాట అడిగితే దయానంద్, నేనొద్దంటానే ఉన్నానక్కా, అన్న ఇనలేదు అన్నాడు. జెస్సీ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

నీకు సెప్పినట్టు ప్రసాదన్నకు తెలియనియ్యొద్దు అని దయానంద్ చేతులు పట్టుకున్నాడు.

ఊరికే నిలబెట్టొద్దు అని అన్న చెప్పింది దూరం తిప్పమని. ఆ మాటకు నేను నిమ్మకాయలు తొక్కించాను. ఆ తప్పును వాళ్లు వారం వారం కడుగుతుంటే తాళం వేసి ఆపింది కూడా నేనే.

10 ఆగస్టు

పిన్నీసు విప్పి చెవి తీసి ఆయన కంచం పక్కన పెట్టాను. చూశారు. మజ్జిగ పోసుకున్నారు. తిన్నాక జేబులో వేసుకున్నారు.

13 ఆగస్టు, బుధవారం

మూడు రోజులుగా ఇద్దరూ కారు కిందే ఉన్నారు. ఈ రోజు ప్లగ్గుల రంధ్రాల్లో చెంచాతో ఆయిలు పోసి తిప్పారు. పట్టుకుంది. వీధి నిండా తెల్లటి పొగ. నాగులమ్మ ఇల్లు కాలుతోందని బకెట్టు నీళ్లు తెచ్చి దయానంద్ మీద పోసింది. బాప్టిస్మం రెండోసారి అయింది పో అన్నాడు. ఆయన నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

తరవాత దయానంద్ నాతో విడిగా, ఒక పక్క సీళ్లలో మునుపటి బలం లేదక్కా అన్నాడు. ఎన్నాళ్లు ఉంటుందని అడిగాను. తెలీదు, ఉన్నన్నాళ్లు దూరం తోలాల, గట్టిగా తోలాల అన్నాడు.

15 ఆగస్టు, శుక్రవారం, పొద్దున

పూజకు లేవలేదు. ఒళ్లు బాగాలేదని పడుకున్నాను.

ఆయనే బజారుకు పోయి నిమ్మకాయలు, చామంతులు తెచ్చారు. ఏమ్మే, శుక్రవారం గదా, లెయ్, మీ అన్న ఎదురు సూస్తాంటాడు అన్నారు. అంటే ఈ రోజు కూడా నేను గుడికి పోగానే ప్లగ్గులు విప్పడానికి సిద్ధంగా ఉన్నారు.

లేచాను. కారుకు బొట్టు పెట్టాను. ఈసారి మీరు తోలండి, తొక్కించాక ఆపొద్దు, అట్లే నన్ను కాణిపాకం తీసుకుపోండి అన్నాను. దయానంద్ ఏమన్నా అన్నాడా అని అడిగారు. స్వామికి మొక్కుంది అన్నాను.

సాయంత్రం

చంద్రగిరి దాటాక రోడ్డు ఖాళీ. ఆయన గట్టిగా తొక్కారు. ఊళ్లోని మోటారుసైకిళ్లన్నీ ఒకేసారి అరిచినట్టు ఆ ఇంజను అరిచింది. నా మాట నాకే వినబడలేదు. అప్పుడు చెప్పాను. మిమ్మల్ని దొంగ అనుకున్నాను, కాణిపాకంలో మిమ్మల్ని తడిబట్టలతో నిలబెట్టాను, అన్న ఇంజను నా చేతుల్తో పాడుచేశాను, అన్నీ. నా గొంతుతోనే, మెత్తగానే.

ఆయన నా వైపు చూడలేదు. నేను మాట ఆపితే కాలు కాస్త వదిలేవారు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ తొక్కేవారు. పాకాల దాకా అట్లాగే.

ఈ కాగితాలు చింపను. నా తరవాత ఎవరి చేతికి వచ్చినా పెట్టెలో దాచండి. ఎవరికీ చూపించకండి. ఆయనకు అసలే వద్దు.